నాబు తిరుగుతున్నదా?

పిల్లలూ! పోయిన వేసవి సెలవుల్లో మా మేనకోడలు మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే పిల్ల. రెండోనాడే అటకమీది పాత ట్రంకుపెట్టె దింపించి, అందులోనుంచి నల్లటి బరువైన వస్తువొకటి తీసి, "మామయ్యా, ఇదేమిటి?" అన్నది.

అది మా మేనమామగారు నాకిచ్చిన ఫిలిం కెమేరా. దాని పేరు పెంటాక్స్ కె-1000. ఆ రకం 1976లో జపానులో మొదలై, తరవాత హాంకాంగులోనూ, చైనాలోనూ కూడా తయారవుతూ 1997 దాకా వచ్చింది.

మేనకోడలు దాని వీపు తడిమి చూచి, "దీనిలో తీసిన బొమ్మ ఎక్కడ కనబడుతుంది?" అని అడిగింది.

"ఎక్కడా కనబడదు," అన్నాను.

"మరి బాగా వచ్చిందో లేదో ఎట్లా తెలుస్తుంది?"

"ఫిలిం అంతా అయిపోయి, దాన్ని మందునీళ్ళలో కడిగాక తెలుస్తుంది. అందుకే ముందుగానే జాగ్రత్తపడాలి."

ఆ పిల్లకు చెప్పినదంతా మీకూ చెబుతాను. మీ ఇళ్ళలో కూడా తాతగారిదో, నాన్నగారిదో ఇటువంటి కెమేరా ఉండవచ్చు. పెద్దల అనుమతి తీసుకుని, దాన్ని ఎదురుగా పెట్టుకుని ఇది చదవండి.

ముందు ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. పగటిపూట గదిలో ఒక్క కిటికీ తప్ప తక్కినవన్నీ మూసి, దానికి ఎదురుగా ఉన్న గోడకు తెల్ల కాగితం అంటించండి. కాగితం ముందు భూతద్దం పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట కిటికీ బొమ్మ, బయటి చెట్టుతో సహా, కాగితంమీద స్పష్టంగా పడుతుంది. కాని చెట్టు తలకిందులుగా ఉంటుంది! కెమేరా ముందుభాగాన ఉండే కటకం చేసే పని ఇదే. మీ కాగితం ఉన్నచోట అక్కడ ఫిలిం ఉంటుంది. మీరు భూతద్దాన్ని జరిపినట్టే, కటకం చుట్టూ ఉండే పట్టీని తిప్పితే కటకం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దీన్నే ఫోకస్ చెయ్యటం అంటారు.

చాలా పాత కెమేరాల్లో మనం చూచే రంధ్రం వేరు, ఫోటో తీసే కటకం వేరు. అందుచేత దగ్గరి వస్తువులను తీసినప్పుడు మనం చూచినదీ, ఫిలింమీద పడినదీ సరిగ్గా ఒకటి అయేవి కావు. ఎస్.ఎల్.ఆర్. అనే రకం కెమేరా ఈ చిక్కు తీర్చింది. దీనిలో కటకానికీ ఫిలిముకూ మధ్య ఒక అద్దం 45 డిగ్రీల వాలుగా ఉంటుంది. కటకంలోనుంచి వచ్చిన వెలుగు అద్దానికి తగిలి పైకి పోయి, ఒక గరుకు గాజుపలకమీద బొమ్మగా పడుతుంది. ఆ బొమ్మ నిలువుగానే ఉంటుంది గాని, కుడి ఎడమలు తారుమారుగా ఉంటాయి. దాన్ని సరిచెయ్యటానికి పైన పలకలు పలకలుగా కోసిన గాజుదిమ్మ ఒకటి ఉన్నది. దాని పేరు పెంటాప్రిజం. కెమేరా నెత్తిన చిన్న గోపురంలాగా కనబడేది దాని గూడే.

1936లో జర్మనీలోని డ్రెస్డెనునుంచి వచ్చిన కినే ఎక్సాక్టా అనే అద్దం కెమేరాకు ఈ గాజుదిమ్మ లేదు. దానిలో పైనుంచి తల వంచి చూడవలసి వచ్చేది. కుడివైపు నడిచే మనిషి ఎడమవైపు నడుస్తున్నట్టు కనబడేవాడు!

ఇక ఫోటో తీసే బొత్తాం నొక్కితే ఏం జరుగుతుంది? అద్దం టక్కున పైకి లేస్తుంది. దాని వెనక ఫిలిమును కప్పి ఉన్న గుడ్డ తెర తెరుచుకుంటుంది. ఫిలింమీద వెలుగు పడుతుంది. మళ్ళీ తెర మూసుకుంటుంది, అద్దం దిగుతుంది. ఇదంతా మనం రెప్పవేసినంతలో అయిపోతుంది. అందుకే సరిగ్గా ఫోటో పడే క్షణాన మనకు ఏమీ కనబడదు.

ఫిలింమీద వెండితో చేసిన లవణాల పొడి పూసి ఉంటుంది. వెలుగు తగిలినచోట ఆ లవణంలో మార్పు వస్తుంది. వెలుగు ఎక్కువైతే బొమ్మ వెలవెలపోతుంది. తక్కువైతే చీకటిగా వస్తుంది. సరిపడినంత వెలుగే పంపాలి. ఎట్లా పంపటం?

కుళాయి కింద చెంబు పెట్టారనుకోండి. ధార లావుగా వదిలితే చెంబు త్వరగా నిండుతుంది. సన్నగా వదిలితే ఎక్కువసేపు పడుతుంది. ఎట్లా అయినా చెంబెడు నీళ్ళే. కెమేరాలో ధార లావును నిర్ణయించేది కటకంలో ఉండే రంధ్రం. ఎంతసేపో నిర్ణయించేది గుడ్డ తెర.

నా కెమేరా కటకంమీద 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అనే అంకెలున్నాయి. ఇందులో ఒక తమాషా ఉన్నది. అంకె పెరిగినకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది! ఎందుకంటే అది భాగించే అంకె. కటకం 50 మిల్లీమీటర్లది. 2 దగ్గర పెడితే రంధ్రం అడ్డుకొలత 50ని 2తో భాగించగా 25 మిల్లీమీటర్లు. 4 దగ్గర పెడితే పన్నెండున్నర. అడ్డుకొలత సగమైతే వైశాల్యం నాలుగోవంతు అవుతుందని మీరు లెక్కల్లో చదువుకున్నారు గదా. ఒక్కొక్క అంకె దాటినప్పుడల్లా వెలుగు సగమవుతూ వస్తుంది.

పైన ఉన్న చక్రంమీద 1000, 500, 250, 125, 60, 30 ఇట్లా 1 దాకా ఉంటాయి. 1000 అంటే సెకండులో వెయ్యోవంతు. 60 అంటే అరవయ్యోవంతు. పరుగెత్తే దూడను తియ్యాలంటే 500 పెట్టాలి. 60 కన్న తక్కువ పెడితే మన చెయ్యి వణికి బొమ్మ చెదురుతుంది. అటువంటప్పుడు కెమేరాను స్టూలుమీదో, పిట్టగోడమీదో ఆనించాలి.

ఫిలిం డబ్బామీద కూడా ఒక అంకె ఉంటుంది. 100, 200, 400 ఇట్లా. అది ఫిలిం చురుకుదనం. అంకె పెద్దదైతే తక్కువ వెలుగు చాలు. పై చక్రం అంచును పైకి లాగి తిప్పితే చిన్న కిటికీలో అంకెలు మారతాయి. డబ్బామీది అంకె అక్కడ పెట్టాలి. ఇది మరిచిపోతే వెలుగు లెక్కంతా తప్పుతుంది.

ఇప్పుడు కంటితో లోపలికి చూస్తే కుడిపక్కన ఒక ముల్లు కనబడుతుంది. అది మధ్యలో నిలిస్తే వెలుగు సరిపోయిందన్నమాట. పైకి పోతే ఎక్కువ, కిందికి పోతే తక్కువ. రంధ్రమో, చక్రమో తిప్పి ముల్లును మధ్యకు తేవాలి. ఈ ముల్లు బిళ్ళవంటి చిన్న బ్యాటరీతో నడుస్తుంది. తక్కిన కెమేరా అంతా మరలతోనే నడుస్తుంది. ముల్లును ఆపే మీట వేరే లేదు. పని కాగానే కటకానికి మూత పెడితే చాలు. పెద్దలకు ఒక మాట: ఈ బ్యాటరీలు పసిపిల్లలు మింగితే ప్రాణాపాయం. అందకుండా దాచండి.

బ్యాటరీ అయిపోతే? మంచి ఎండలో, ఎండ పడుతున్న మనిషికి, రంధ్రం 16 దగ్గర పెట్టి, చక్రాన్ని ఫిలిం అంకెకు దగ్గరగా పెట్టండి. 100 ఫిలిముకు 125, 200 ఫిలిముకు 250. ముల్లు లేకుండానే ఫోటో వస్తుంది. ఒక్కటి మాత్రం ఎన్నడూ చెయ్యకండి. కెమేరాలోనుంచి సూర్యుణ్ణి చూడకండి. కళ్ళు పోతాయి.

ఇక ఫిలిం ఎక్కించటం. ఇక్కడే నా కథ ఒకటి చెప్పాలి.

1991లో గోదావరి పుష్కరాలకు మా అమ్మమ్మను రాజమండ్రి తీసుకువెళ్ళాము. అమ్మమ్మ అంతవరకు ఒక్క ఫోటో తీయించుకోలేదు. ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. నేను బతిమాలితే, "సరే, నీ ముచ్చట తీరనీ," అని ఒప్పుకున్నది. కోటిలింగాల రేవులో స్నానం చేసి తడి జుట్టుతో నవ్వుతుంటే తీశాను. దోసిట్లో దీపం పట్టుకుంటే తీశాను. పాత రైలు వంతెన వెనక కనబడేటట్టు నిలబెట్టి తీశాను. కెమేరామీది లెక్క 36 దాకా వచ్చింది. మీట ఇంకా కదులుతూనే ఉన్నది. 37, 38, 39 అయింది. ఫిలింలో మూడు ఎక్కువ వచ్చాయనుకుని సంతోషించాను!

ఇంటికి వచ్చి ఫిలిం వెనక్కు చుట్టబోతే నాబు రెండు చుట్లకే వదులైపోయింది. ఫిలిం కొస మొదట్లోనే పట్టు జారిపోయిందన్నమాట. అన్ని ఫోటోలు తీసినా ఫిలిం ఒక్క అంగుళం కూడా కదలలేదు. లెక్క చూపే అంకె మీట కదిలితే పెరుగుతుంది గాని, ఫిలిం కదిలిందో లేదో దానికి తెలియదు.

"పోనీలేరా, మళ్ళీ తీద్దువుగాని," అన్నది అమ్మమ్మ. ఆ వచ్చే సంక్రాంతికి ఆవిడ లేదు. మా ఇంట్లో తాతయ్య ఫోటో పక్కన ఆవిడకోసం కొట్టిన మేకు ఖాళీగానే ఉండిపోయింది.

అందుచేత ఫిలిం ఎక్కించే పద్ధతి జాగ్రత్తగా వినండి.

1. నీడలో కూర్చోండి. ఎడమవైపు నాబును పైకి లాగితే వెనక తలుపు తెరుచుకుంటుంది. లోపలి గుడ్డ తెరను వేలితో తాకవద్దు.

2. ఫిలిం డబ్బాను ఎడమవైపు గూట్లో పెట్టి, నాబును కిందికి నొక్కండి.

3. ఫిలిం కొసను కుడివైపు ఇరుసు చీలికలో దూర్చండి. మీటను మెల్లగా జరిపి, ఫిలిం రెండు అంచుల రంధ్రాల్లోనూ పళ్ళు పడ్డాయో లేదో చూడండి. పడితేనే తలుపు మూయండి.

4. నాబును బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. బిగువు తగలగానే ఆపండి.

5. ఇప్పుడు మీట జరుపుతూ నాబును చూడండి. అది బాణానికి ఎదురుగా తనంతట తాను తిరగాలి. తిరిగితే ఫిలిం కదులుతున్నట్టే. తిరగకపోతే తలుపు తెరిచి మళ్ళీ మొదలుపెట్టండి. లెక్క 1 దగ్గరికి వచ్చేవరకు ఉత్తుత్తి ఫోటోలు తియ్యండి.

తీసేటప్పుడు ఎడమ అరచెయ్యి కటకం కింద ఆనించండి. మోచేతులు డొక్కలకు ఆనించండి. ఊపిరి సగం వదిలి, బొత్తాం మెల్లగా నొక్కండి. పొడవవద్దు.

ఫిలిం అయిపోతే మీట బిగుసుకుపోతుంది. బలవంతం చెయ్యకండి, తలుపు తెరవకండి. అడుగున ఉన్న చిన్న బొత్తాం నొక్కి, నాబుమీది పిడి విప్పి, బాణం వైపు తిప్పండి. ఫిలిం తిరిగి డబ్బాలోకి పోయి, పిడి వదులవుతుంది. అప్పుడు నీడలో తియ్యండి. వానాకాలం తేమకు కటకంలో బూజు పడుతుంది. కాబట్టి కెమేరాను తోలుసంచిలో బిగించి ఉంచకుండా, తేమ పీల్చే సిలికా పొట్లాలతో డబ్బాలో ఉంచండి.

ఈ రోజుల్లో ఫిలిం ఖరీదెక్కువ, అన్ని కొట్లలోనూ దొరకదు. అయినా విచారించకండి. హైదరాబాదు నిజాము ఆస్థానంలో ఫోటోలు తీసిన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజుపలకలమీద తీసేవాడు. పలకకు ఒకే ఫోటో. అందుకని ముందు బాగా చూచి తీసేవాడు. మనమూ అట్లాగే బాగా చూచి, తరవాత నొక్కితే సరి.

మా మేనకోడలు పనికిరాని పాత ఫిలింతో రెండురోజులు ఎక్కించటం దించటం నేర్చుకున్నది. మూడోనాడు మంచి ఫిలిం వేసింది. మా అమ్మ, అంటే ఆ పిల్లకు అమ్మమ్మ, వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. అమ్మ వెనక వాకిలి ధగధగలాడుతున్నది. "వెనక వెలుగుంటే ముల్లు మోసపోతుంది, ముఖం నల్లగా వస్తుంది," అన్నాను. పిల్ల అమ్మమ్మను పక్కకు తిరిగి కూర్చోమన్నది. ముల్లు మధ్యకు తెచ్చింది. ఫోకస్ చేసింది. మీట జరిపి, కెమేరా కళ్ళముందునుంచి దించి చూచింది.

"తిరిగింది మామయ్యా!" అన్నది. అప్పుడు నొక్కింది.

24 ఫోటోల్లో రెండు చెదిరాయి. ఒకదానిలో నాకు తల లేదు. మా అమ్మ ఫోటో బాగా వచ్చింది. దాన్ని పటం కట్టించి ఎక్కడ పెడదామా అని చూస్తుంటే, "ఆ మేకు మా అమ్మది. దాన్నట్లాగే ఉంచు. నాకు ఇంకొకటి కొట్టు," అన్నది అమ్మ. అట్లాగే కొట్టాను.

మీరూ మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఫోటో తియ్యండి. నొక్కేముందు మాత్రం నాబు తిరిగిందో లేదో చూడటం మరిచిపోకండి.

వచ్చే నెల: ఫిలింను చీకటి గదిలో ఎట్లా కడుగుతారు?