ఫోను నొసటి పట్టీ



ఫోను నొసట గడియారము, బ్యాటరీ, సిగ్నలు గుర్తులు కనఁబడు సన్నని పట్టీ యొకటి యుండును. దానినే స్టేటస్ బార్ అందురు. గతమాసము వఱకు నేను దానిని లక్ష్యపెట్టి యెఱుఁగను.

మా యత్తగారికి నెల్లూరి యాసుపత్రిలో కంటికి శస్త్రచికిత్స యనిరి. మావారు వెంట వెళ్లిరి. నేను బుచ్చిరెడ్డిపాలెములోనే పిల్లలతో నుండి, వంట చేసికొనుచు, మునుపే దింపియుంచుకొన్న పురాణపఠనమును ఐఫోనులో వినుచుంటిని. నాలుగు గంటలైనను పిలుపు రాలేదు. ఫోను తీసి చూచితిని. పుట నల్లనిది, పట్టీ యుండవలసిన చోటను నలుపే. పఠనము సాగుచునే యున్నది గదా యని మరల నుంచితిని. ఆ యాపును మూసిన పిమ్మటఁ గాని విమానపు గుర్తు కంటఁ బడలేదు! చిన్నవాఁ డాడుకొనుచు నొక్కినాఁడఁట. అది యున్నంతసేపు పిలుపులు రావు. అత్తగారి చక్కెరవ్యాధి మందుల చీటీ యింట మఱచి, దానిలోని పేర్లు చదివి చెప్పుమనుటకు మావారు పదిమార్లు ప్రయత్నించిరఁట. పొరుగువారును ఊర లేకుండిరి. తుదకు అత్తగారిని ప్రక్క మంచమువారి కప్పగించి బస్సెక్కి వచ్చిరి. చికిత్స మఱునాఁటికిఁ బోయినది.

యాపులు నిర్మించు పనిలో నున్న మా తమ్ముఁడు కారణము చెప్పెను. ఆ పట్టీ ఫోను సొత్తు, యాపుది కాదు. అయినను అందలి యక్షరములు నల్లగా నుండవలెనో తెల్లగా నుండవలెనో యాపు కోరవచ్చును. ఐఫోనులో నొక కిటికీపై వేఱొక కిటికీని బఱచినపుడు, పైది గాజువలె నున్నను, ఫోను పైదాని మాటనే వినును. ఆ యాపువారు “దింపుట ముగిసినది” యని తెలుపుటకు నొక కిటికీని బఱచి తీయ మఱచిరి. అది కోరినవి నల్లని యక్షరములు. క్రింది పుటయు నల్లనిదే. కాటుకమీఁదఁ గాటుకచుక్క పెట్టినట్లయినది. క్రింది పుటకుఁ గావలసిన రంగునే పైకిటికీయు నడుగునట్లు వ్రాసినచో నీ చిక్కు లేకపోవునఁట. రెండు మూఁడు పంక్తుల పనియఁట! ఆ పంక్తులకై మా యత్తగారు రాత్రియంతయు నాసుపత్రి మంచముపై మేలుకొనిరి.

ఆండ్రాయిడు ఫోనులలో భయము వేఱు. అచ్చట ననుమతి యిచ్చినచో నొక యాపు మఱియొక యాపుపైననే తన కిటికీని బఱవఁగలదు. 2017లో వచ్చిన 8వ కూర్పునుండి యట్టి కిటికీలు పట్టీకిఁ గ్రిందనే యుండవలెను. 2021 నాఁటి 12వ కూర్పునుండి మైకు గాని కెమెరా గాని పనిచేయునపుడు పట్టీ కొన నాకుపచ్చని గుర్తు వెలుఁగును. ఆ గుర్తును జూచుట యలవాటు చేసికొనుఁడు. పట్టీకి దిగువ భాగమున మాత్రము, బ్యాంకు యాపుపై దొంగపుట పఱచి రహస్యసంఖ్యను గాఁజేయువారు కలరు. సొమ్ము పోయినచోఁ దత్క్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలయును.

సెట్టింగులలో, ఇతర యాపులపైఁ గనఁబడు ననుమతి వేనికిఁ గలదో చూడవచ్చును. మావారి ఫోనులో వెదకఁగా నాలుగు కనఁబడినవి. అందొకటి టార్చిలైటు. దీపమునకుఁ బరుల యింటి కిటికీతో నేమి పని? దానిని నాఁడే తొలఁగించితిని.