తలుపుకు అంటించిన తాఖీదు

ఒక బిడ్డకు తనను సంరక్షకునిగా నియమించమని ఎవరైనా న్యాయస్థానానికి అర్జీ పెట్టుకొన్నప్పుడు, ఆ సంగతి ఎవరెవరికి తెలియజేయాలి? ప్లీడరు మిత్రులను అడిగితే "అదంతా ఫార్మాలిటీ మాస్టారూ!" అని తేల్చివేస్తారు. నా తగవు ఆ మాటతోనే. తల్లిదండ్రులు లేని పిల్లవాడు ఎవరి చేతిలో పడతాడన్నది ఆ ఫార్మాలిటీ దగ్గరే తేలిపోవచ్చును.

ఈ విషయంలో మనకు నేటికీ ఆధారం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. గురజాడవారి కన్యాశుల్కం అచ్చయినది 1897లో. ఈ చట్టం దానికంటె ఏడేళ్ళు పెద్దది. దీని 10వ సెక్షను అర్జీదారును చాలా సంగతులు అడుగుతుంది. బిడ్డ పేరు, మతం, పుట్టిన తేది, నివాసం, ఆస్తి, బిడ్డ ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాడు, దగ్గరి బంధువులెవరు, వారెక్కడ ఉంటారు... బాగున్నది. ఇక 11వ సెక్షను చూడండి. నోటీసు అందవలసినది, చట్టం వర్తించే రాష్ట్రాలలో నివసిస్తుంటే తల్లిదండ్రులకు. బిడ్డగాని బిడ్డ ఆస్తిగాని ఎవరి అధీనంలో ఉన్నదని అర్జీలో పేర్కొన్నారో వారికి. సంరక్షకునిగా సూచింపబడిన వ్యక్తి అర్జీదారు కానప్పుడు ఆ వ్యక్తికి. ఆపైన కోర్టువారు అవసరమని తలచిన ఇతరులకు. అంతే! 10వ సెక్షనులో పేర్లు వ్రాయించుకొన్న దగ్గరి బంధువులు 11వ సెక్షనుకు వచ్చేసరికి "ఇతరులు" అయిపోయారు.

"అర్జీలో పేర్కొన్న" అన్నమాట మీద కాస్త ఆగండి. పేర్కొనేది ఎవరు? అర్జీదారే కదా! తల్లీ తండ్రీ ప్రమాదంలో పోయి అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న బాలుడిని ఊహించుకోండి. నష్టపరిహారం సొమ్ము వాడి పేర రాబోతున్నదని తెలియగానే, అంతవరకు పలకాబలపం కొనిపెట్టి ఎరుగని బాబాయికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. "బాలుడు నా అధీనంలోనే ఉన్నాడు" అని అర్జీలో ఒక్క వాక్యం వ్రాయిస్తే చాలు. అమ్మమ్మకు నోటీసు పంపడం అన్నది ఇక కోర్టువారి తలపు మీద ఆధారపడిన విషయం. అది అబద్ధమని తేలితే న్యాయమూర్తి ఊరుకోరు, నిజమే. కాని తేల్చి చెప్పగల మనిషికే కబురు లేదే!

బిడ్డ నివాసస్థలంలోను, కోర్టు భవనంలోను స్పష్టంగా కనబడేచోట నోటీసు అంటించాలని కూడ చట్టం అంటున్నది. ఆ నివాసం ఏదో చెప్పేదీ అర్జీదారే. పోనీ, సరియైన తలుపుకే అంటించారనుకొందాం. ఏ భాషలో? ఆంగ్లంలో ఉంటే అమ్మమ్మకు అది గోడమీది బల్లి. తెలుగులో ఉన్నా, పది పంక్తుల ఏకవాక్యంలో "హాజరు కానియెడల ఎక్స్‌పార్టీగా నిర్ణయించబడును" అని ముగిసే తెలుగు ఆమెకు ఏమి తెలుస్తుంది? (నోటీసుకు పూర్వం మనవారు తాఖీదు అనేవారు. అదీ మన మాట కాదు లెండి. కాని తాఖీదు వచ్చిందంటే పల్లెలో అందరికీ అర్థమయ్యేది.) మా బడి పిల్లల ఇళ్ళలో చదువు వచ్చినవాడు ఆ పిల్లవాడొక్కడే అయిన ఇళ్ళను ఎన్నో చూశాను. తనను ఎవరికి అప్పగించబోతున్నారో చెప్పే కాగితాన్ని అమ్మమ్మకు చదివి వినిపించవలసినవాడు వాడే!

పత్రికా ప్రకటన సంగతీ అంతే. ప్రతివాది చివరిగా నివసించినట్లు తెలిసిన ప్రాంతంలో ప్రచారంలో ఉన్న దినపత్రికలో వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు 20వ రూలు చెబుతున్నది. అందులో భాష ప్రసక్తి లేదు. ఆ ఊరికి నాలుగు ఆంగ్లపత్రికలు వచ్చినా ప్రచారంలో ఉన్నట్లే! 1966లోనే తెలుగును అధికారభాషగా చేసుకొంటూ శాసనం చేసుకొన్నవాళ్ళం మనం.

"నోటీసు, నోటీసు అంటూ బిగిస్తే ఒంటరి తల్లుల గతి ఏమిటి?" అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. ఢిల్లీలో అవివాహిత అయిన ఒక తల్లి తన కుమారునికి సంరక్షకురాలిగా గుర్తించమని కోరితే, తండ్రి పేరు చెప్పి అతనికి నోటీసు ఇస్తేగాని వీలు కాదన్నారు. ఆమె చెప్పలేదు. క్రింది కోర్టు, హైకోర్టు కూడ కాదన్నవి. 2015 జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పులను త్రోసిపుచ్చి, బిడ్డ బాగోగులు పట్టని తండ్రికి నోటీసు అక్కరలేదన్నది. నేను ఆ తీర్పుకు చేతులెత్తి మ్రొక్కుతాను. బిడ్డను మోయనివానికి కబురు పంపలేదని అర్జీ కొట్టివేసిన సెక్షనే, బిడ్డను మోస్తున్న ముసలమ్మకు కబురు పంపకపోయినా ఊరకుంటున్నది. నాకున్న కోపం దాని మీదనే.

సంరక్షణ ఉత్తరువులు శాశ్వతం కావు, ఎప్పుడైనా మార్చమని అడుగవచ్చు అంటారు. అవును. అయితే అడగడానికి ప్లీడరు కావాలి, డబ్బు కావాలి, ముందు సంగతి తెలియాలి. ఈలోపల పిల్లవాడు బడి మారిపోతాడు, ఊరు మారిపోతాడు. ఆరు నెలలైతే బాబాయి ఇల్లే అలవాటైనదని చెప్పి ఆ అలవాటునే సాక్ష్యంగా చూపుతారు.

నేను కోరేది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. అర్జీదారు తల్లిగాని తండ్రిగాని కానప్పుడు, 10వ సెక్షను క్రింద పేరు వ్రాసిన దగ్గరి బంధువులందరికీ నోటీసు పంపడం విధి చేయాలి. అది వారికి తెలిసిన భాషలో, చిన్న చిన్న వాక్యాలలో ఉండాలి. దానితోపాటు బిడ్డ చదివే బడినుండి ఒక కాగితం తెప్పించుకోవాలి. అడ్మిషన్ రిజిస్టరులో సంరక్షకుని గడిలో ఎవరి పేరున్నది, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకమో వేలిముద్రో ఎవరిది, జ్వరం వస్తే బిడ్డను ఇంటికి తీసుకుపోవడానికి ఎవరు వస్తారు? ఈ మూడింటికీ జవాబు వ్రాసి ముద్ర వేయడానికి ప్రధానోపాధ్యాయునికి పావుగంట చాలు.