కాటా చెడితే కొట్టువాడి మాటే తూకమా?

పొద్దున్నే సాల్ట్ లేక్ లోపలి వీధుల్లోకి వెళ్తే ఎర్రటి ‘ఎల్’ అక్షరం అతికించుకున్న కార్లు నత్తల్లా పాకుతూ కనిపిస్తాయి. నేనూ అలా పాకినవాడినే. పక్కసీట్లో కూర్చుని నేర్పిన ఆయన (కలకత్తాలో అలాంటివాళ్లందరూ దాదాలే) నా బ్రేకును రోజూ మెచ్చుకునేవాడు. కోర్సు ముగిశాక సొంత కారు తీస్తే మొదటి మలుపులోనే ఫుచ్కా (పానీపూరీ) బండి మీదికి పోయింది, వెంట్రుకవాసిలో ఆగింది. ఇన్నాళ్లూ పడిన బ్రేకు నాది కాదని, దాదా కాలికింద ఉన్న రెండో బ్రేకని అప్పుడు తెలిసింది. రిజిస్టరులో మాత్రం నా పేరుకెదురుగా పది గంటల డ్రైవింగు, నా సంతకాలతో సహా, నిక్షేపంగా ఉంది. నా గడియారం లెక్కకు అయిదు దాటలేదు.

ఆ పది గంటలు దాదా సొంతంగా కల్పించిన అంకె కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోదే. సొంతానికి కారు నడిపేవాడికి 21 రోజులు, అందులో కనీసం 10 గంటలు చక్రం పట్టాలి. రవాణా వాహనాలకైతే 30 రోజులు, 15 గంటలు. స్కూలు లైసెన్సు ఫారం 11, గంటల లెక్క ఫారం 15, చివర చేతికిచ్చే సర్టిఫికెట్ ఫారం 5. ఇన్‌స్పెక్టరు వచ్చినా చూసేది ఈ కాగితాలనే. వాటిలో నా పది గంటలు ఎప్పటికీ పదే.

ఈ బూటకం చూసి విసిగినవాళ్లు ఇప్పుడు ఒకే మాట అంటున్నారు: “లైసెన్సు ఆఫీసంటేనే దళారుల సంత. పరీక్ష పేరుకే. దాన్ని ఎత్తేసి, మంచి స్కూళ్లకు గుర్తింపునిచ్చి, వాళ్ల సర్టిఫికెట్‌తోనే లైసెన్సు ఇచ్చేయండి.” వినడానికి బాగుంటుంది. కేంద్రమూ విన్నది. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో కోర్సు పూర్తిచేసినవాడికి ఆఫీసులో డ్రైవింగ్ పరీక్ష ఉండదు. తేలికపాటి వాహనానికి నాలుగు వారాల్లో 29 గంటల కోర్సు. సిమ్యులేటరు, సొంత ట్రాకు, వేలిముద్రల హాజరు తప్పనిసరి. 2024 జూన్ 1 నుంచి పరీక్షలన్నీ ప్రైవేటు స్కూళ్లే పెడతాయని పుకారు లేస్తే, కొత్తగా మారిందేమీ లేదని కేంద్రం వివరణ ఇవ్వాల్సి వచ్చింది. జనం ఎంత ఆశగా ఎదురుచూస్తున్నారో ఆ పుకారే చెప్పింది.

నాకు ఆ ఆశ లేదు. కాటా చెడిపోతే బాగుచేయించుకుంటాం, కొట్టువాడు చెప్పిన బరువే రాసుకుని ఇంటికి పోం. ఫీజు తీసుకునేవాడే పాస్ చేసేవాడైతే, ఫెయిలైన పిల్లవాడు ఆ స్కూలుకు చెడ్డపేరు తెచ్చే వ్యాపార నష్టం. వేలిముద్ర యంత్రం వేలు వచ్చిందని చెబుతుంది, ఆ చేతికి స్టీరింగు వచ్చిందో లేదో చెప్పదు.

ఇంకో చిక్కుంది. రవాణా వాహనాలు నడిపేవాళ్లకు ఎనిమిదో తరగతి చదువుండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. మంచి పనే, చదువులేనివాడు బండి నడపలేడని ఎవరన్నారు? అప్పుడు చెప్పిన సమాధానం, శిక్షణా నైపుణ్య పరీక్షా గట్టిగా ఉంటాయని. రెండేళ్లు తిరిగేసరికి ఆ పరీక్షకే మినహాయింపు!

పైగా గుర్తింపు పొందే శిక్షణ కేంద్రానికి కనీసం ఎకరం స్థలం కావాలి, భారీ వాహనాలు నేర్పాలంటే రెండు. కలకత్తా నడిబొడ్డున ఎకరం ఎవరికుంది? పాడాలో (పేటలో) ఒక గది, రెండు కార్లతో బతుకుతున్న స్కూళ్లు పక్కకు పోతాయి, పెద్ద కేంద్రాలు ఊరిబయట వెలుస్తాయి. అక్కడ గీతల మధ్య నేర్చుకున్నవాడు మర్నాడు గరియాహాట్ కూడలిలో ఆటోల మధ్యకు, బడాబజార్‌లో మూటలతో పరుగెత్తే కూలీల మధ్యకు వస్తాడు.

శిక్షణతోనే అన్నీ తీరవని ఈ నగరానికి తెలియాలి కూడా. 2024 నవంబరులో సాల్ట్ లేక్‌లో, స్కూలు నుంచి తల్లితో స్కూటరు మీద ఇంటికి వెళ్తున్న పిల్లవాడు బస్సుల పోటీకి బలయ్యాడు. కలకత్తా ప్రైవేటు బస్సుల్లో డ్రైవరు సంపాదన అమ్మిన టికెట్ల మీద కమీషన్. వెనక బస్సు ముందుకుపోతే తన కూడు పోయినట్టే. దానికి సిలబస్ లేదు.

మరి పర్యవేక్షణ ఎలా ఉండాలి? బ్రిటన్‌లో డ్రైవింగ్ పరీక్ష 1935 నుంచి తప్పనిసరి. నేర్పేది ఎక్కువగా ప్రైవేటువాళ్లే, కానీ పరీక్ష పెట్టేది ప్రభుత్వ పరీక్షకుడు. ఒక శిక్షకుడి శిష్యులు ఎంతమంది పాసయ్యారు, సగటున ఎన్ని తప్పులు చేశారు, ఎంతమంది విషయంలో పరీక్షకుడే చెయ్యి వేయాల్సి వచ్చింది అన్న లెక్కలు తీసి, తేడా ఉన్నవాళ్లను ముందుగా తనిఖీకి పిలుస్తారు. అంటే శిష్యుడి పరీక్షే గురువుకూ పరీక్ష. మనం ఆ పరీక్షను ఎత్తేస్తే స్కూలును కొలిచే కొలబద్ద కూడా దాంతోపాటే పోతుంది. ఆఫీసు అవినీతిమీద కోపంతో అడుగుతున్న మినహాయింపు చివరికి స్కూలుకే రక్షణ.

దేశంలో లైసెన్సుల వివరాలు సారథి పోర్టల్లో ఉన్నాయి. ఫారం 5 ఇచ్చిన స్కూలు పేరును అందులో లైసెన్సుకు కలిపితే చాలు. పరీక్షను కెమెరా ముందు, అసలు రోడ్డు మీద, ఆ స్కూలుతో సంబంధం లేని పరీక్షకుడు పెట్టాలి. మొదటిసారే పాసైనవాళ్లెందరో ప్రతి స్కూలు గుమ్మం మీద రాయించాలి. ఆ బోర్డు వెలిశాక మా దాదా రిజిస్టరులో పది గంటలు రాసుకున్నా, ఇరవై రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.