పళ్లు చెప్పే వయసు

నోరు తెరిపించి చూస్తే చాలు, పిల్లల వయసు తెలిసిపోతుందంటారు పెద్దవాళ్లు. ఒకప్పుడు ఆ మాట పార్లమెంటు దాకా వెళ్లింది. 1833లో బ్రిటన్‌ తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టుకోకూడదని చట్టం చేసింది. పుట్టినతేదీ కాగితాలు లేని రోజులు. ఏడేళ్లవాడికి తొమ్మిదని చెప్పి పనికి తోలేవారు. ఎడ్విన్‌ సాండర్స్‌ అనే దంతవైద్యుడు వెయ్యిమందికి పైగా పిల్లల్ని పరీక్షించి, వయసు తేల్చడానికి ఎత్తు కన్నా పళ్లే నయమని 1837లో తేల్చాడు.

ఇప్పుడు చిగురు పైకొచ్చిన పళ్లని లెక్కపెట్టి ఊరుకోరు. కెనడాలో డెమిర్జియన్‌ బృందం 1973లో ఓ పద్ధతి కనిపెట్టింది. కింది దవడ ఎడమవైపు ఏడు పళ్లని ఎక్స్‌రేలో చూసి, ఒక్కోటీ ఎనిమిది దశల్లో ఎక్కడుందో గుర్తిస్తారు. మొదటి నాలుగు దశలు పంటి పైభాగానివి, మిగతా నాలుగూ వేరువి. అన్నిటికీ మార్కులేసి కూడితే వయసు వస్తుంది. చిక్కేమిటంటే ఆ లెక్క ఫ్రెంచి కెనడా పిల్లలది. 1998లో దక్షిణ భారతంలో కొందరు పిల్లలకి వేసి చూస్తే సుమారు మూడేళ్లు ఎక్కువ చూపించింది!

ఇక పంటి మీది పింగాణీ పొర పుట్టుకతోనే సరిగా తయారుకాని పిల్లలుంటారు. జన్యులోపంతో వచ్చే ఈ జబ్బు పేరు అమిలోజెనెసిస్‌ ఇంపర్‌ఫెక్టా. పళ్లు పచ్చగానో గోధుమరంగులోనో ఉంటాయి, పెచ్చులూడతాయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటాయి. సరిగా తోముకోవట్లేదని ఇంట్లో తిట్లు, గారపళ్లని బళ్లో వెక్కిరింపులు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోనైతే ఫ్లోరైడు నీళ్ల పుణ్యమే అనుకుని వదిలేసే ప్రమాదమూ ఉంది. ఫ్లోరైడు దెబ్బ ఎక్కువగా శాశ్వత దంతాల మీద పడుతుంది. ఇదైతే సాధారణంగా పాలపళ్లనీ వదలదు, ఇంట్లో ఇంకొకరికీ ఉండొచ్చు.

ఈ పిల్లల పంటి వయసు తేల్చడం కష్టమే. మామూలు ఎక్స్‌రేలో పింగాణీ తెల్లగా, దాని కింది భాగం కాస్త మసగ్గా కనిపిస్తాయి. ఖనిజాలు తక్కువైతే రెండూ కలిసిపోతాయి. పంటి పైభాగం ఎంతవరకు తయారైందో చెప్పలేం. వేరులో పింగాణీ ఉండదు కాబట్టి ఆ దశలే కాస్త ఆసరా. పోనీ అరుగుదల చూద్దామా అంటే, వీళ్ల పళ్లు చిన్నతనంలోనే అరిగిపోతాయి. పరిశోధనల్లోనూ ఏకాభిప్రాయం లేదు. కొన్నిట్లో పళ్లు వయసుకన్నా ముందున్నట్టు తేలింది, కొన్నిట్లో పెద్ద తేడా లేదన్నారు.

కొందరిలో అసలు పళ్లు బయటికే రావు. లోపల తయారై చిగుళ్ల కిందే ఉండిపోతాయి. ఫామ్‌20ఏ అనే జన్యువులో లోపముంటే పళ్లతోపాటు మూత్రపిండాల్లోనూ కాల్షియం పేరుకోవచ్చు. కాబట్టి పలచటి పింగాణీ, ఉబ్బిన చిగుళ్లు, రాని పళ్లు కలిసి కనిపిస్తే కిడ్నీలకు స్కానింగ్‌ అవసరం. నొప్పి లేదు కదా అని ఆగకూడదు.

క్యాపులు ఎప్పుడు వేయాలి, క్లిప్పులు ఎప్పుడు పెట్టాలన్నది పంటి వయసును బట్టే ఉంటుంది. కేసుల్లో ఇరుక్కున్న పిల్లలకి వయసు ఇంకా ముఖ్యం. మన 2015 బాలల న్యాయ చట్టం ముందు స్కూలు సర్టిఫికెట్‌ చూడమంటుంది. అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. అలాంటి పరీక్షకి వచ్చింది ఈ జబ్బున్న పిల్లాడైతే పళ్లొక్కటే చాలవు, మణికట్టు ఎముకల ఎక్స్‌రే కూడా పక్కన పెట్టుకు చూడాలి.