పది పొట్లాల టీ

ముందే ఒక మాట చెప్తున్నా. నేను ఇరానీ చాయ్‌కి వ్యతిరేకిని కాను. నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ మధ్య తిరిగేవాడు ఎవడూ అలా ఉండలేడు. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తినకపోతే నాకు సాయంత్రం అయినట్టే ఉండదు. కానీ ఈ సెమిస్టర్‌లో ఒక చైనా టీ వల్ల నాకొక సంగతి అర్థమైంది. మనం టీని టీలా తాగడం మానేశాం. నిద్ర ఆపుకోవడానికి వేడిగా ఏదో మింగుతున్నాం, అంతే.

మా మామయ్య ఆఫీసు పని మీద చైనా వెళ్ళి, 50 గ్రాముల ప్యాకెట్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. వూయీ కొండల్లో పండే ఊలాంగ్. ఊలాంగ్ అంటే నల్ల డ్రాగన్ అని అర్థం. ఇది గ్రీన్ టీ కాదు, బ్లాక్ టీ కాదు, రెండింటికీ మధ్యలో ఉంటుంది. కోసిన ఆకుని కొంతవరకే ఆక్సిడైజ్ కానిచ్చి ఆపేస్తారు. తర్వాత వెదురు బుట్టల్లో పోసి, బూడిద కప్పిన బొగ్గుల సెగ మీద గంటల తరబడి నెమ్మదిగా వేగనిస్తారు. చైనాలో టీ తయారుచేసే ఇలాంటి సంప్రదాయ పద్ధతులని 2022లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ప్యాకెట్ తెరిస్తే నల్లగా మెలితిరిగిన పొడవాటి ఆకులు, వేయించిన శనగల వాసన.

ఇంత ఘనమైన టీని నేను మొదటిసారి ఏం చేశానో తెలుసా? పాలు, చక్కెర వేసి ఐదు నిమిషాలు మరిగించాను. మాడిన పాయసంలా వచ్చింది. తర్వాత బుద్ధి తెచ్చుకుని, పద్ధతి తెలుసుకుని, మిగిలినదాన్ని సుమారుగా ఐదేసి గ్రాముల చొప్పున పొట్లాలు కట్టాను. మొదటి పొట్లం పాలపాలు. మిగిలినవి తొమ్మిది.

పద్ధతి చాలా సులువు. చైనావాళ్ళు మూత ఉన్న చిన్న గిన్నెలో చేస్తారు. నా దగ్గర అది లేదు కాబట్టి 100 మిల్లీలీటర్ల కప్పు, దాని మీద మూతకి సాసర్, ఒక టీ జాలి. కప్పుని వేడి నీళ్ళతో కడిగి పొట్లం మొత్తం వేయాలి. కెటిల్‌లో నీళ్ళు బాగా మరిగిన వెంటనే పోసి, 15 సెకన్లు ఆగి, చుక్క మిగలకుండా వడకట్టాలి. ఆకు పారేయకూడదు. మళ్ళీ మరిగే నీళ్ళు, మళ్ళీ 15 సెకన్లు. తర్వాత ప్రతిసారీ ఇంకో పదీ పదిహేను సెకన్లు పెంచుకుంటూ పోవాలి. మన బ్రాంచ్ భాషలో చెప్పాలంటే ఇదొక లూప్, ప్రతి రౌండ్‌కీ టైమర్ పెరుగుతుంది. అలా ఆరేడు సార్లు వస్తుంది. ఇంకో మాట, హాస్టల్ బోరు నీళ్ళతో చేయొద్దు. ఆ ఉప్పు నీళ్ళకి టీ మీద తెట్టు కడుతుంది, రుచి చప్పబడుతుంది. క్యాన్ నీళ్ళతో చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మొదటి కప్పులో అంతా కాల్చిన వాసనే. మూడో కప్పుకి బెల్లం పాకం లాంటిదేదో తగులుతుంది. మింగాక గొంతులో తీపి మిగులుతుంది. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగితే వస్తుందే, అలాంటి తీపి. చక్కెర వేయకుండానే!

మన చాయ్ ఇలా ఏడుసార్లు ఎందుకు రాదు? అది మన చాయ్ తప్పు కాదు. మనం వాడేది ఎక్కువగా సీటీసీ పొడి. 1930ల్లో అస్సాంలో కనిపెట్టిన పద్ధతి, ఆకుని నలిపి, చింపి, గుండ్రటి రవ్వగా చేస్తారు. దాంట్లో ఉన్నదంతా ఒక్క మరుగులో దిగిపోతుంది. పాలకి ఎదురు నిలబడాలంటే అలాంటి చిక్కటి డికాక్షనే కావాలి. ముడుచుకున్న నిండు ఆకు అలా కాదు. కొంచెం కొంచెంగా విచ్చుకుంటూ ఇస్తుంది.

నాకు అసలు లాభం ఈ ఆలస్యంలోనే దొరికింది. మా పెద్దమ్మ కొడుకు నాలుగేళ్ళుగా అశోక్ నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాడు. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ, రాత్రి స్టడీ హాల్. నేను ఆదివారం మెట్రోలో చిక్కడపల్లిలో దిగితే, ఎప్పుడూ ఒకటే మాట: "చాయ్ తాగుదాం పా తమ్మీ." బండి దగ్గర నిలబడి వన్ బై టూ. నోటిఫికేషన్, కటాఫ్, కోర్టు కేసు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి మాటలు కూడా ఖాళీ. "ఎట్లున్నవ్ అన్నా?" అంటే "మంచిగనే ఉన్న" అనేవాడు. నాలుగేళ్ళు నేను దాన్ని నిజమే అనుకున్నాను.

పొట్లాలు పట్టుకుని రూమ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాక ముందు నవ్వాడు, "ఈ నల్ల నీళ్ళ కోసం ఇంత దూరం వచ్చినవా?" అని. కానీ ఏడు కప్పులంటే అరగంట పైనే. మధ్యలో లేచి వెళ్ళడానికి లేదు, కెటిల్ మళ్ళీ మరగాలి. నాలుగో ఆదివారం, ఐదో కప్పు దగ్గర అన్నాడు, "ఈసారి రాకపోతే బంద్ చేస్త రా. అమ్మకి ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు." నేను సలహా ఏమీ ఇవ్వలేదు. నా దగ్గర లేదు కూడా. ఆరో కప్పు పోశాను. ఆ వారంలోనే పెద్దమ్మకి తనే ఫోన్ చేసి చెప్పాడు.

టీ వల్లే చెప్పాడని నేను అనను. అరగంట ఎదురుగా కూర్చోవడం వల్ల చెప్పాడని మాత్రం అంటాను. కూర్చోవడానికి మనకి సాకు కావాలి. ఈ టీ ఒక మంచి సాకు.

"ఇదంతా డబ్బున్నవాళ్ళ షోకు, చైనా టీ మనకెందుకు" అని మా రూమ్మేట్ వాదన. ఖరీదు విషయంలో వాడి మాట సగం ఒప్పుకుంటా. కానీ డార్జిలింగ్, నీలగిరి తోటల్లో కూడా ఊలాంగ్ చేస్తారు, చైనాదే కావాలని లేదు. ఇక పరాయిది అంటారా? 1849లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే ఆయన ఈస్టిండియా కంపెనీ కోసం మారువేషంలో ఇదే వూయీ కొండలకి వెళ్ళాడు. ఆయన చైనాలో సేకరించిన మొక్కలు, విత్తనాలు మన హిమాలయాల కింది తోటలకి చేరాయి. మాటలైతే మరీ దగ్గర. వూయీ కొండలుండే ఫూజియన్ తీరంలో ఈ ఆకుని "తే" అంటారు, అది డచ్చి ఓడలెక్కి యూరప్ తిరిగి మనకి "టీ" అయింది. చైనాలో మిగతా చాలాచోట్ల "చా" అంటారు, అది పర్షియా మీదుగా "చాయ్" అయి వచ్చింది. మా ఇంట్లో టీ, అశోక్ నగర్ బండి దగ్గర చాయ్. రెండూ ఒకే ఆకు పేర్లు.

కాబట్టి ఊలాంగే తాగండి అని నేను అనట్లేదు. ఇరానీ చాయే తాగండి. కానీ ఒక్కసారి ఫోన్ జేబులో పెట్టి, నిలబడి కాకుండా కూర్చుని, ఎదుటివాడు "మంచిగనే ఉన్న" అన్నాక ఇంకో చాయ్ చెప్పి చూడండి.

నా దగ్గర ఇంకొక్క పొట్లం ఉంది. అన్న రిజల్ట్ వచ్చిన రోజుకి దాచాను. ఎలా వచ్చినా సరే, ఏడు కప్పులూ తాగుతాం.