సంధిని చాదస్తం అనడం ఆపాలి

వృద్ధుల ఆరోగ్యంపై మెయిన్స్ సమాధానం రాయమంటే మనలో చాలామంది ఒకే దారిలో వెళతాం: ఆర్టికల్ 41, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం, 2024లో 70 ఏళ్లు దాటినవారందరికీ ఆయుష్మాన్ భారత్. ఇవన్నీ రాయాల్సినవే. కానీ ఆస్పత్రి మంచం దగ్గర జరిగే ఒక అన్యాయం వీటిలో దేనికీ అందదు.

తుంటి ఎముక ఆపరేషన్ అయిన మర్నాడు పెద్దావిడ కొడుకుని గుర్తుపట్టదు, సూదులు పీకేస్తుంది. 'వయసు మీదపడింది, చాదస్తం' అని చేతులు మంచానికి కట్టేస్తారు. అది చాదస్తం కాదు, డెలీరియం. మన పెద్దలు 'సంధి' అన్నది ఇలాంటి స్థితినే. డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద ముదురుతుంది. సంధి గంటల్లో, రోజుల్లో వచ్చి పూటకోలా మారుతుంది. దాని వెనుక ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, మూత్రం బిగుసుకోవడం, నొప్పి, కొన్ని మందులు ఉండొచ్చు. గోల చేసేవారైనా కంటపడతారు. మౌనంగా మగతలో పడి ఉండేవారిని 'హాయిగా నిద్రపోతున్నారు' అని వదిలేస్తారు.

సిబ్బంది కొరత అనే సాకు ఇక్కడ చెల్లదు. 4ఏటీ అనే పరీక్షకు రెండు నిమిషాలు చాలు: మెలకువ ఎలా ఉంది, వయసు, చోటు, సంవత్సరం చెప్పగలరా, నెలల పేర్లు వెనక్కి చెప్పగలరా, మార్పు హఠాత్తుగా వచ్చిందా. చివరి ప్రశ్నకు జవాబు కుటుంబం దగ్గరే ఉంటుంది. 'నిన్నటిదాకా బాగానే ఉన్నారండీ' అన్న మాట కేస్ షీట్‌లోకి ఎక్కాలి. మన ఐసీయూలు ఆ మాట చెప్పేవాళ్లనే గేటు బయట నిలబెడుతున్నాయి.

చికిత్స అంటే ముందు కారణాన్ని వెతికి సరిచేయడం. దాంతోపాటు కళ్లద్దాలు, వినికిడి యంత్రం తిరిగి ఇవ్వడం, నీళ్లు తాగించడం, వీలైనంత త్వరగా నడిపించడం, రాత్రి దీపాలు తగ్గించడం, తెలిసిన ముఖం పక్కన ఉండనివ్వడం. అలవాటుగా ఇచ్చే నిద్రమాత్ర చాలాసార్లు స్థితిని ఇంకా చెడగొడుతుంది. అమెరికాలో 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలాంటి మామూలు జాగ్రత్తలతోనే డెలీరియం బారిన పడినవారు 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గారు.

కాబట్టి ముందుకు దారి రాసేటప్పుడు మరో పథకం పేరు వెతకొద్దు. 65 దాటిన ప్రతి ఇన్‌పేషెంట్‌కు రోజూ ఈ పరీక్ష, నర్సులకు శిక్షణ, ఐసీయూలో ఒక కుటుంబసభ్యుడికి అనుమతి అని రాయండి. రేపు అధికారిగా ఆస్పత్రి తనిఖీకి వెళ్లినప్పుడు పంచిన కార్డుల లెక్కతో సరిపెట్టుకోకండి. మంచానికి కట్టేసిన చేతులెన్నో కూడా అడగండి.