వేటకు వంతు

మన పూర్వులు మృగయను సప్తవ్యసనములలో ఒకటిగా లెక్కించి, జూదముతోను పానముతోను ఒకే పంక్తిని కూర్చుండబెట్టిరి. అయినను రాజు వేటకు బయలుదేరనిదే మన కావ్యములలో కథ కదలదు. దుష్యంతుడు లేడిని తఱుముచు పోయినందువలననే కణ్వాశ్రమము చేరెను. దశరథుడు చప్పుడును బట్టి బాణము విడిచినందువలననే శాపము తగిలెను. మనుచరిత్రలో స్వరోచి వేటను, కాళహస్తి మాహాత్మ్యములో తిన్నని వేటను మన విద్యార్థులు చదువుచునే యున్నారు. వలలు, ఉచ్చులు, వేటకుక్కలు, వేటకు వలసిన సామగ్రి యంతయు మన కవుల వర్ణనలలో కలదు. దరఖాస్తు ఒక్కటి మాత్రము లేదు.

దరఖాస్తు పెట్టుకొని, చీట్లలో తన పేరు వచ్చిన యేడు మాత్రమే పెద్దమృగమును వేటాడవలసిన దేశ మొకటి నేడు కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పడమటి దిక్కున నున్న కొలరాడో, వయోమింగ్, అరిజోనా, నెవాడా, యూటా, న్యూమెక్సికో మొదలగు రాష్ట్రములలో ఈ పద్ధతి నడచుచున్నది. ఎల్క్ అను పెద్దదుప్పి, మ్యూల్ డీర్ అను జింక, మూస్, ప్రాంగ్‌హార్న్, బిగ్‌హార్న్ అను అడవిపొట్టేలు, వీనిలో దేనిని కొట్టదలచినను చేతిలో ట్యాగు ఉండవలెను. ట్యాగు అనగా చంపిన మృగము కళేబరమునకు కట్టవలసిన చీటీ. ఒక చీటీకి ఒక మృగము. ఏ అడవిభాగమున ఏ జాతికి ఎన్ని చీట్లు ఈయవచ్చునో అక్కడి అధికారులు ముందుగా నిర్ణయింతురు. విమానములలో తిరిగి మందలను లెక్కింతురు. మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, చలికాలమున చచ్చినవి ఎన్ని అని అంచనా కట్టుదురు. మంచి అడవులలో చీట్లు తక్కువ, అడుగువారు ఎక్కువ. కనుక డ్రా తీయుదురు.

మన విశాఖపట్టణమునుండి పోయి డెన్వరులోను ఫీనిక్సులోను ఉద్యోగములు చేయుచున్న తెలుగు యువకులకు ఈ చీట్ల గొడవ క్రొత్తది కాదు. నా పూర్వవిద్యార్థి యొకడు, తన కార్యాలయములోని తోడివారు సంక్రాంతి వెళ్లినది మొదలు రోహిణీకార్తె దాటువరకు దుప్పుల జాతకములు వేయుచుందురని పరిహాసముగా వ్రాసినాడు. ఆ పరిహాసములో నిజము కలదు. వారు పన్ను వ్యూహములు మన చదరంగపు ఆటగాండ్ర వ్యూహములకు తీసిపోవు.

రాష్ట్రమున కొక పద్ధతి. కొలరాడోలో చిరకాలముగా నున్నది వరుస పద్ధతి. ఒకయేడు చీటీ రానివానికి ఒక పాయింటు జమ యగును. ఎక్కువ పాయింట్లు గలవానికే ముందు చీటీ. వయోమింగ్‌లో పొరుగు రాష్ట్రములవారికి ఇచ్చు ఎల్క్ చీట్లలో నూటికి 75 పాయింట్లను బట్టియు, 25 కేవలము అదృష్టమును బట్టియు ఇత్తురు. నెవాడావారి లెక్క మఱింత విచిత్రము. పాయింట్లను వర్గము చేసి, ఆ యేటి దరఖాస్తుకు ఒకటి కలుపుదురు. మూడు పాయింట్లు గలవానికి 10 అవకాశములు, పది పాయింట్లు గలవానికి 101. న్యూమెక్సికోలో పాయింట్లు అసలే లేవు. ఇరువది యేండ్లుగా వేయుచున్నవానికిని నిన్న మొన్న వచ్చినవానికిని అక్కడ తేడా లేదు.

ఇన్ని పద్ధతుల నడుమ తెలివిగలవాడు తన ఆశలను మూడు పాళ్లుగా పంచుకొనును. ఒకటిరెండేండ్లకు తప్పక చేతికి వచ్చు సామాన్యపు చీటీ యొకటి, ఐదారేండ్ల ఓర్పుతో దొరకునది యొకటి, జీవితమున ఒక్కమారు వచ్చిన చాలునను అడవిపొట్టేలు చీటీ యొకటి. మొదటిదానితో వాని వంటయిల్లు నిండును, మూడవదానితో వాని కలలు నిండును. కొలరాడోలో మొదటి కోరిక నెఱవేరినప్పుడే దాచుకొన్న పాయింట్లు ఖర్చగును. రెండవ కోరికగా వ్రాసినది దొరికినచో పాయింట్లు అట్లే నిలుచును. కావున మొదటి కోరికగా దుర్లభమైనదానిని, రెండవ కోరికగా సులభమైనదానిని వ్రాయుట అక్కడి పాఠములలో మొదటిది. స్నేహితులు కలిసి ఒకే దరఖాస్తు వేసినచో ఆ రాష్ట్రమున అందఱిలోను తక్కువ పాయింట్లు గలవాని లెక్కయే గుంపునకంతకు వర్తించును. వయోమింగ్‌లో సగటు చూతురు. పదునైదేండ్లు కూడబెట్టిన తండ్రి, క్రొత్తగా చేరిన కొడుకును వెంట బెట్టుకొన్నచో కొలరాడోలో వాని తపస్సంతయు వ్యర్థము. ఇక గడువుతేదీ దాటిపోయెనా, ఏ వ్యూహమును పనికిరాదు.

లెక్కల మాస్టరులకు ఇందులో మంచి పాఠ మొకటి దొరకును. పదిమందిలో ఒకనికి చీటీ వచ్చు చోట పదేండ్లు వరుసగా దరఖాస్తు వేసినచో తప్పక వచ్చునని పలువురు అనుకొందురు. పాయింట్లు లేని పద్ధతిలో ఏటేట రాకపోవు అవకాశము పదింట తొమ్మిది. తొమ్మిదింపదులను పదిమారులు గుణించి చూడుడు. నూటికి దాదాపు 35 మందికి పదేండ్లు గడచినను చీటీ రాదు. వరుస పద్ధతిలోనైన ఈ బాధ లేదనుకొందుమా, అక్కడ ఇంకొక చిక్కు. ముందు నిలిచినవారు వేలకొలది. ఏటేట చేరువారు ఇంకను ఎక్కువ. నిన్న పది పాయింట్లకు దొరకిన చీటీ నేడు పండ్రెండు అడుగును. మనము మెట్టెక్కినకొలది నిచ్చెన పైకి జరుగుచుండును. పండ్రెండేండ్ల పిల్లవాడు నేడు పాయింట్లు కూర్చ నారంభించినను, తాతల తరమువారిని దాటి పోలేడు.

ఈ వ్రాయువాడు ఉండేలు సైతము పట్టి యెఱుగడు. అయినను ఈ పద్ధతిలో నన్ను ఆకర్షించినది దాని క్రమము. ముందు లెక్క, పిదప పంపకము, ఆ పిదపనే తుపాకి. ఒక జాతి మృగమునకు ఒక యేట ఒక రాష్ట్రమున ఒక మనిషికి ఒకే దరఖాస్తు. కోటీశ్వరుడైనను కూలివాడైనను ఒకటే. ఈ మాట వ్రాయునప్పుడు 2024 అక్టోబరులో మన రాష్ట్రమున 3,396 మద్యపు దుకాణములకు తీసిన చీట్లు జ్ఞప్తికి వచ్చుచున్నవి. దరఖాస్తునకు తిరిగి రాని రుసుము రెండు లక్షల రూపాయలు. వచ్చిన దరఖాస్తులు తొంబదివేలకు దగ్గఱ. ఒక్కడే పలు దరఖాస్తులు వేయుటకు అడ్డు లేదు. చీటీ యన్న పేరు రెంటికిని ఒకటే. ఒకచోట అదృష్టము అందఱికిని సమానము. ఇంకొకచోట అదృష్టమును కూడ పెట్టుబడి పెట్టి కొనవచ్చును.

అమెరికాలోను ఈ గోడకు కన్నము లేకపోలేదు. కొన్ని రాష్ట్రములవారు ఏటేట ఒకటి రెండు చీట్లను వేలము వేయుదురు. 2013లో మోంటానా రాష్ట్రపు అడవిపొట్టేలు చీటీ యొక్కటి 4,80,000 డాలర్లకు పోయెను. ఆ సొమ్ము ఆ పొట్టేళ్ల సంరక్షణకే పోవునని సమాధానము చెప్పుదురు. నిజమే కావచ్చును. 1937లో చేసిన శాసనము ననుసరించి అక్కడ వేటతుపాకులపైనను తూటాలపైనను నూటికి 11 వంతున పన్ను వసూలుచేసి వన్యప్రాణుల కొఱకే వ్యయము చేయుచున్నారు కూడ. అయినను, వరుసలో ఇరువదియేండ్లు నిలిచినవాని ముందునుండి వేలములో గెలిచినవాడు నడచిపోవుట చూచినచో రాజులు లేని దేశమున కూడ రాజు పుట్టుచున్నాడనిపించును.

మన మండలమున రాజులకు కొదువ లేకుండెను. నేడు విశాఖ నగరపు బిడ్డలు విహారమునకు పోవు కంబాలకొండ అడవి ఒకప్పుడు విజయనగర మహారాజుల స్వాధీనమున నుండెను. అభయారణ్యముగా ప్రకటింపబడినది 2002లో. 1936లో ఇంగ్లండునకు పోయిన భారత క్రికెట్ జట్టునకు నాయకుడైన విజయనగర మహారాజకుమారుడు మూడువందలకు పైగా పులులను కొట్టినట్లు ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధిలో అతిశయోక్తి యెంత యున్నను, ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకొన్న కాలము అది. 1882 నాటి మద్రాసు అటవీశాసనముతో రిజర్వు అడవులలో వేట సర్కారు నిబంధనలకు లోబడెను. లైసెన్సు చేతనున్న దొర షికారీ అయ్యెను. విల్లుపట్టిన కొండవాడు దొంగవేటగాడయ్యెను. చంపినది ఇద్దఱును దుప్పినే.

స్వాతంత్ర్యానంతరము 1970లో పులివేట నిషేధింపబడెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ శాసనము వచ్చెను. ఆ శాసనపు మొదటి పాఠములో 'పెద్దవేట'కు, 'చిన్నవేట'కు వేర్వేరు లైసెన్సులు ఉండెనని మనలో పలువురు ఎఱుగరు. 1991 సవరణతో గాని ఆ ప్రకరణము పోలేదు. అనగా మన దేశము హోదాను బట్టి వేటాడనిచ్చుటనుండి అందఱికిని మాన్పుటకు వచ్చినది; నడుమ నున్న మెట్టు, లెక్కపెట్టి పంచుట యనునది, మనము తొక్కనే లేదు.

ఆ మెట్టును ఇప్పుడు తొక్కవలెనని నేను వాదించుట లేదు. పంచుటకు మన కొండలలో మిగిలినది స్వల్పము. 2022 మే నెలలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు దగ్గఱ కనబడిన పులి యొకటి అనకాపల్లి, విజయనగరము జిల్లాల వఱకు వారములతరబడి తిరిగి పశువులను చంపెను. ఊళ్లవారు భయపడిరి, అధికారులు బోనులు పెట్టిరి, కాని ఎవ్వడును తుపాకి యెత్తలేదు. నూఱేండ్ల క్రిందట అదే పులి యైనచో ఏ బంగళా గోడపైననో చర్మమై వ్రేలాడెడిది. మనము నేర్చినది తక్కువ కాదు.

భారతములోనే ఈ నేర్పునకు మూలము కలదు. పాండవులు ద్వైతవనమున నుండగా ఒకరాత్రి ధర్మరాజు కలలోనికి లేళ్లు వచ్చి కన్నీరు పెట్టుకొనును. మాలో విత్తనమునకు మిగిలినవారము కొందఱమే, మీ నివాసము మార్చుకొనుడని వేడుకొనును. తెల్లవారగనే ధర్మరాజు తమ్ములకు చెప్పి కామ్యకవనమునకు తరలిపోవును. వేట పాపమని అతనికి ఎవరును ఉపన్యసింపలేదు. మిగిలినవెన్నియో తెలిసినది, అంతే. పరీక్షలలో యక్షప్రశ్నలను అడుగు మనము ఈ ఘట్టమును ఏల అడుగమో నాకు బోధపడదు.

ఇక అసలు చిక్కు పాడేరు, అరకు, హుకుంపేట వైపు కొండలలో నున్నది. నేడు అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. అక్కడ చైత్రమాసమున ఇటుకల పండుగ వచ్చును. మగవారు విల్లంబులు, బల్లెములు పట్టుకొని గుంపులుగా అడవికి పోవుదురు. స్త్రీలు దారికి అడ్డముగా త్రాడు కట్టి వచ్చిపోవు బండ్లను ఆపి పండుగమామూలు అడుగుదురు. వేటనుండి ఉత్త చేతులతో తిరిగివచ్చిన వానిపై పేడనీళ్లు చల్లుట ఆచారము. దొరకినచో మాంసము ఊరంతయు పంచుకొందురు. చీటీ లేదు, దరఖాస్తు లేదు. కాని పంపకము కలదు. అది రాజుల వేట వంటిది కాదు.

శాసనము దృష్టిలో ఆ వేటయు నేరమే. మహారాజు కాలమున వెలివేయబడినవాడు, అందఱికిని మాన్పిన కాలమున కూడ నేరస్థుడుగనే మిగిలెను. నడుమ అడవి పలుచనయ్యెను. ఏజెన్సీ బడులలో పనిచేయు ఉపాధ్యాయులు నాతో చెప్పుమాట ఇది: పండుగ వారమున మగపిల్లలు బడికి రారు, వచ్చినవారితో వేట తప్పని చెప్పినచో తలవంచుకొని విందురు, మఱునాడు మానివేయుదురు. పట్టణమునుండి వచ్చిన మాస్టరు తన తాతముత్తాతలను నిందించుచున్నాడని ఆ పిల్లవానికి తోచుట సహజము. పేడనీళ్లు చల్లు అక్కచెల్లెండ్ర ముందు ఉత్త చేతులతో నిలువవలసినవాడు వాడు, మాస్టరు కాడు.

అట్టి బడిలో నీతిబోధకంటె గణితము మేలు. చైత్రమునకు ఒక నెల ముందుగా పిల్లలచేత పలకమీద మూడు వరుసలు గీయింపవలెను. ఈ అడవిలో తాత చూచిన మృగములు, తండ్రి చూచినవి, తాను చూచినవి. కణితి, దుప్పి, ఎలుగు, ముళ్లపంది, అడవికోడి, కుందేలు, ఏది యెక్కడ కనబడెనో ఇంటిలో అడిగి వ్రాసికొని రమ్మనవలెను. పేర్లు వారి భాషలోనే వ్రాయనిండు. ఆ పేర్లలో సగము మన నిఘంటువులలో లేనివి, తెలుగు మాస్టరునకు అదియొక లాభము. ప్రతియేడు అదే పట్టికను క్రొత్త తరగతి పిల్లలు పూర్తిచేయవలెను. అమెరికావారు విమానమెక్కి చేయు పని ఇక్కడ ముసలివారి జ్ఞాపకములతో ఆరంభింపవచ్చును. ఆ పట్టికను పండుగకు ముందు ఊరిపెద్దల యెదుట పిల్లలచేతనే చదివింపవలెను. మూడవ వరుసలో ఏమి మిగిలినదో విన్న తరువాత, ఈ యేడు అడవికి పోవుటయా, విల్లంబులను పూజించి ఊరికట్టనే ఆటపాటలతో పండుగ జరుపుకొనుటయా, ఉత్త చేతుల మగవానిపై పేడనీళ్లు చల్లవలెనా వలదా అను మాట ఆ ఊరి ఆడవారును మగవారును కూర్చుండి తేల్చుకొందురు.